విశాఖ కంపెనీల సీఎస్‌ఆర్ కమిటీలకు బహిరంగ లేఖ: మా రిహార్సళ్లకు సాయం చేయండి

విశాఖపట్నంలో, చుట్టుపక్కల జిల్లాల్లో పరిశ్రమలు నడుపుతున్న కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) కమిటీ సభ్యులకు నమస్కారం.

నేను విశాఖలో ఒక చిన్న నృత్య బృందానికి కార్యదర్శిని. సొసైటీగా రిజిస్టర్ చేసుకున్న లాభాపేక్ష లేని సంస్థ మాది. మా వాళ్లలో ఎక్కువమంది కూచిపూడి నేర్చుకున్నవాళ్లు. పగలు ఒకరు ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తారు, ఒకరు స్కూల్లో లెక్కలు చెబుతారు, ఒకరు బ్యాంకులో ఉంటారు. సాయంత్రాలు, ఆదివారాలు గజ్జె కడతారు. చిన్నపిల్లలకు క్లాసులు చెబితే వచ్చే ఫీజులే బృందానికి ఆధారం. ఈ లేఖ మా ఒక్కరి కోసం రాయడం లేదు. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా ఇలా ఈదుకొస్తున్న బృందాలు, పల్లె కళాకారుల మేళాలు చాలా ఉన్నాయి. వాళ్ల మాట కూడా ఇందులో ఉందనుకోండి.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. కళల పేరుతో కంపెనీలు ఇచ్చే డబ్బు, మాకు కనిపించినంత వరకు, ప్రదర్శన జరిగే ఆ ఒక్క సాయంత్రానికే ఖర్చవుతోంది. ఆ సాయంత్రం వెనక ఉన్న నెలల సాధనకి, కొత్తగా ఏదైనా వెతికి చూడటానికి పైసా దొరకడం లేదు. దయచేసి దానికి ఇవ్వండి.

డిసెంబరు, జనవరి వచ్చేసరికి మాలాంటివాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఫలానా ఉత్సవం ఉంది, ఇరవై నిమిషాల ఐటెం చేయండి అంటారు. స్టేజికి డబ్బుంటుంది. లైట్లకి, ఎల్‌ఈడీ తెరకి, ఫ్లెక్సీలకి, అతిథుల భోజనాలకి ఉంటుంది. ఆడేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి శాలువా, మెమెంటో, ఫొటో. మేకప్ మాస్టారికి, ఆటోలకి, పిల్లల టిఫిన్లకి మేమే చేతి నుంచి పెట్టుకుంటాం. అంతకన్నా బాధపెట్టేది ఇంకోటి ఉంది. వేలమంది పిల్లల్ని మైదానంలో నిలబెట్టి రికార్డు కోసం ఆడించే కార్యక్రమాల్లో కొన్నిచోట్ల పిల్లల తల్లిదండ్రుల దగ్గరే పార్టిసిపేషన్ ఫీజు వసూలు చేస్తున్నారు. ఎదురు డబ్బిచ్చి ఆడాలన్నమాట. ఆ పిల్లకి అడవు (నాట్యంలో అడుగుల కదలిక) సరిగ్గా వచ్చిందా లేదా చూసే నాథుడు ఉండడు, సర్టిఫికెట్ మాత్రం వస్తుంది. అలాంటి కార్యక్రమాల బ్యానర్ల మీద కంపెనీల పేర్లు చూసినప్పుడు, ఆ డబ్బులో పదో వంతు ఒక మంచి గురువు చేతికి వెళ్లి ఉంటే ఏం జరిగేదో అని నాకు అనిపిస్తుంది.

గంటన్నర నృత్యరూపకం తయారవ్వాలంటే ముందు సాహిత్యం ఉండాలి. దానికి సంగీతం కట్టాలి. గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, నట్టువాంగం (తాళాలు వాయిస్తూ లయ పలుకులు చెప్పడం) అని అయిదుగురు తప్పనిసరి. పక్కవాద్యాలవాళ్లు రిహార్సల్‌కి వచ్చిన ప్రతి పూటా డబ్బివ్వాలి, అదే న్యాయం, వాళ్ల ఇల్లు గడిచేది దానితోనే. ఆ ఖర్చు భరించలేకే చాలా బృందాలు రికార్డు చేసిన ట్రాక్ మీద ఆడేస్తున్నాయి. మేమూ ఆడాం. ట్రాక్‌తో ప్రోగ్రాం నడిచిపోతుంది కానీ అందులో అభినయానికి ఊపిరాడదు. ఒక చూపును ఇంకాస్త నిలపాలనుకున్నా పాట ఆగదు. సంచారిని (ఒకే భావాన్ని రకరకాలుగా అభినయించడాన్ని) ఆ రోజు మనసుకు తోచినట్టు పెంచుకుందామంటే కుదరదు. పాట పాడేవారు నర్తకి ముఖం చూస్తూ అదే పల్లవిని మళ్లీ మళ్లీ ఎత్తుకోవడం, ఆమె ఒక్కోసారి ఒక్కో భావం చూపడం మన నాట్యంలో అసలైన సంగతి. దాన్ని డబ్బులేక వదులుకుంటున్నాం.

ఇప్పుడు మేం చేస్తున్న పని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఎందుకంటే 'వెతుకులాట' అని ఊరికే అంటే మీకు ఏమీ తెలియదు.

సిద్ధేంద్రయోగి పేరుతో కూచిపూడిలో నిలిచిన భామాకలాపం అందరూ ఎరిగినదే. అదే సత్యభామ కథను మన ఉత్తరాంధ్ర పల్లెల్లో తూర్పు భాగవతం అన్న పేరుతో ఆడతారని విశాఖలో పుట్టి పెరిగిన మా పిల్లల్లో చాలామందికి తెలియదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఆ మేళాలు ఇప్పటికీ ఉన్నాయి. మద్దెల జోరు దానికి ప్రాణం. సత్యభామ వేషం కట్టిన మగమనిషి తానే గొంతెత్తి పాడుతూ ఆడతాడు, వెనక నుంచి వంతపాటవాళ్లు అందుకుంటారు. కూచిపూడి సత్యభామ తెర మీదుగా జడ వేసే ఠీవి ఒక రకం, తూర్పు సత్యభామ ఠీవి మరో రకం. ఒకే కథ, ఒకే గర్వం, నడకలు వేరు. ఈ రెండు భామలూ ఒకే వేదిక మీద ఎదురుపడితే ఎలా ఉంటుందన్నది మా ప్రశ్న.

విజయనగరం వైపు ఒక పల్లె నుంచి పెద్దాయన ఒకరిని బతిమాలి పిలిపించుకున్నాం. ఆయన మద్దెల వాయించడం మొదలెట్టేసరికి ఏళ్ల తరబడి జతులు (లయ పలుకులకు వేసే అడుగులు) తొక్కిన మా అమ్మాయిలకు కాళ్లు ఆడలేదు. తాళం తెలుసు, లెక్క తెలుసు, అయినా పాదం ఎక్కడ పడాలో దొరకలేదు. అప్పటిదాకా తమకు లయ వచ్చని అనుకున్నవాళ్లు కూర్చుని మళ్లీ చేత్తో తాళం వేసుకున్నారు. ఆయనకూ మా నట్టువాంగం పలుకు కొత్తగానే అనిపించింది. "మీరు లెక్కెట్టి ఆడతారమ్మా, మేము ఊపు చూసుకుని ఆడతాం" అన్నారు. ఆ ఒక్క మాట మీద చాలా రోజులు పనిచేశాం. ప్రవేశ దరువును (పాత్ర వేదిక మీదికి వచ్చేటప్పటి పాటను) ఎన్నో రకాలుగా కట్టి చూశాం. చాలావరకు పక్కన పెట్టేశాం. అతికించినట్టు కనిపించింది ఏదీ ఉంచలేదు. మిగిలింది కొద్దిగానే కానీ ఆ కొద్దిలో నిజంగా ఏదో ఉంది.

ఆయన పేరు పోస్టర్ మీద గురువుగానే వేయాలని, కూచిపూడి గురువుకి ఎంత ఇస్తామో ఆయనకూ అంతే ఇవ్వాలని ముందే నిర్ణయించుకున్నాం. పల్లె కళాకారుల దగ్గర విద్య తీసుకుని పట్నంలో పేరు మనం తెచ్చుకోవడం తప్పు. అయితే ఆయన వరికోతల రోజుల్లో రాలేరు. వస్తే కూలి పోతుంది. మద్దెల నేర్చుకుంటానన్న మనవడు హైదరాబాద్‌లో పనికి వెళ్లిపోయాడు. ఆయన రానుపోను ఖర్చులు, భోజనం, పోయిన కూలి, పారితోషికం, మా పక్కవాద్యాలవాళ్ల రిహార్సల్ డబ్బు... ఇవన్నీ ఏ ఉత్సవం స్పాన్సర్ల పద్దులోనూ లేవు. ఒక కంపెనీ ప్రతినిధికి ఇదంతా చెబితే, ఓపిగ్గా విని, "బాగుందండీ, కానీ లబ్ధిదారులు ఎంతమంది అని రాయాలి?" అని అడిగారు. ఆయన తప్పేం లేదు, ఫారంలో ఆ గడి ఉంది. కానీ ఆ గడిలో రాయడానికి మా దగ్గర ఉన్న సంఖ్య ఎప్పుడూ చిన్నదే. ఒక పెద్దాయన, ఒక మద్దెల, పట్టుమని పదిమంది లేని నర్తకీనర్తకులు. మేం ఓడిపోయేది అక్కడే.

సాధనకు సాయం చేయడం మన దగ్గర కొత్తేమీ కాదు. కూచిపూడి భాగవతులకు గోల్కొండ తానీషా ఆ ఊరినే అగ్రహారంగా ఇచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కథలో ముఖ్యమైనది నాకు కనిపించేది ఏమిటంటే, ఆట చూసి మెచ్చి ఒక హారం ఇచ్చి పంపించేయలేదు. ఏడాది పొడవునా తిండికి వెతుక్కోకుండా సాధన చేసుకునే వీలు కల్పించారు. మన దగ్గరికే వస్తే, విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి మొదటి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. విద్వాంసులకు జీతాలు దొరికాయి, పిల్లలకు గురువులు దొరికారు. అదే కళాశాలలో సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి గారు సంగీతం చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఘంటసాల ఏమయ్యారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ శాస్త్రిగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు గారు మా రంగానికి చేసిన మేలు మాత్రం తక్కువమందికి తెలుసు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి వరుసగా కట్టిన నృత్యనాటకాల్లో చాలావాటికి సంగీతం సంగీతరావు గారిది, సాహిత్యం భుజంగరాయశర్మ గారిది. కవి, సంగీతకర్త, నాట్యాచార్యుడు ముగ్గురూ కూర్చుని కట్టిన ఆ పనిని ఇప్పటికీ ప్రపంచమంతా ఆడుతున్నారు. అలా కలిసి కూర్చునే తీరిక లేకపోతే ఆ రూపకాలు పుట్టేవి కావు. నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలను, 13వ శతాబ్దంలో జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథాన్ని ముందు పెట్టుకుని, మరుగునపడిన పేరిణి నృత్యాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది. ఒక ఆర్థిక సంవత్సరంలో, మార్చి 31 లోపల, ఫొటోలతో సహా రిపోర్టు ఇవ్వమంటే అది జరిగే పనేనా?

ఇక చట్టం సంగతి. దీని గురించి చదివి మరీ రాస్తున్నాను, ఎందుకంటే "మాకు రూల్స్ ఒప్పుకోవు" అన్న జవాబు చాలాసార్లు విన్నాం.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం మీరు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దేనిమీద చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి పరిరక్షణ, సంప్రదాయ కళల ప్రోత్సాహం స్పష్టంగా ఉన్నాయి. కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. ఇంకో విషయం. తమ వస్తువుల ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ కిందికి రాదని నిబంధనల్లోనే ఉంది. ఒక్కసారి జరిగి అయిపోయే ఈవెంట్లు లెక్కలోకి రావని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లోనే వివరణ ఇచ్చింది. అంటే మేం అడుగుతున్న నిలకడైన పనే చట్టం మనసుకు దగ్గరగా ఉంది.

ఏడాది లోపల డబ్బు ఖర్చయిపోవాలన్న టెన్షన్ మీకు ఉంటుందని తెలుసు. దానికీ దారి ఉంది. కొనసాగుతున్న ప్రాజెక్టుగా ఆమోదిస్తే, మొదలుపెట్టిన సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడపవచ్చు. ఆ ఏడాది మిగిలిన డబ్బును ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాత వాడవచ్చు. పరిపాలనా ఖర్చు 5 శాతం దాటకూడదన్న పరిమితి కంపెనీ సీఎస్‌ఆర్ విభాగం సొంత నిర్వహణకు సంబంధించింది. ప్రాజెక్టు నడపడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. నృత్యంలో ప్రాజెక్టు అంటే మనుషులే కదా. గురువు జీతం, మృదంగం మాస్టారి పారితోషికం, నర్తకుల రిహార్సల్ భత్యం తప్ప మా దగ్గర చూపించడానికి సిమెంటు, ఇనుము ఏమీ ఉండవు. వీటిని 'ఓవర్‌హెడ్' అని కొట్టేయకండి.

కాగితాల దగ్గర చిన్నవాళ్లకు కష్టమే. పన్ను మినహాయింపుకు సంబంధించిన 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 ఫారం ద్వారా తీసుకోవాల్సిన నంబరు... మేం ఎలాగో పూర్తిచేసుకున్నాం, ఆడిటర్ గారు దయతలచి సగం ఫీజుకే చేశారు. తూర్పు భాగవతం మేళానికి నాయకత్వం వహించే పెద్దమనిషికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి? మీ సీఎస్‌ఆర్ విభాగంలో ఉన్న ఉద్యోగులు ఒక రోజు కేటాయించి అలాంటివాళ్ల కాగితాలు దగ్గరుండి చేయించినా అది పెద్ద సాయమే. కావాలంటే మా సొసైటీ ద్వారా వాళ్లతో ఉమ్మడి ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. అందులో మాకు రూపాయి కమిషన్ అక్కర్లేదు.

ప్రభుత్వ సాయం లేదని అనను. కేంద్ర సాంస్కృతిక శాఖ గురుశిష్య పరంపర కింద ఇచ్చే రెపర్టరీ గ్రాంటులో గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 వరకు ఉంది. మంచి పథకం, నెలనెలా మనిషికి ఇవ్వాలన్న ఆలోచన సరైనది. అయితే అందరికీ అందదు. మాకు ఒకసారి మంజూరైన ఒక ప్రభుత్వ సాయం చేతికి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఈలోగా మృదంగం మాస్టారికి ఇవ్వాల్సిన డబ్బు కోసం మా గురువుగారు గాజులు కుదువబెట్టారు. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. పేరు రాయడం లేదు గనక చెబుతున్నాను.

పిల్లలు నాట్యం వదిలేస్తున్నారని పెద్దలు వేదికల మీద బాధపడుతుంటారు. ఎందుకు వదిలేస్తున్నారో కూడా చూడాలి. ఒక అమ్మాయి పదేళ్లు నేర్చుకుంటుంది. తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి, పెళ్లికి చేసినట్టు ఖర్చుపెట్టి రంగప్రవేశం (మొదటి పూర్తి ప్రదర్శన) చేయిస్తారు. ఆ మర్నాటి నుంచి ఆమెకు పనేముంది? ఆమెను తీసుకుని, నెలకు ఇంత అని ఇచ్చి, ఇంకా నేర్పి, కొత్త పని చేయించే బృందం ఉంటే నర్తకి అవుతుంది. లేకపోతే మంచి ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతుంది. మా బృందంలో అభినయం అద్భుతంగా చేసే అమ్మాయి బెంగళూరు వెళ్లిపోయింది. ఆ ఇంటి పరిస్థితి మాకు తెలుసు, ఉండమ్మా అని అనలేకపోయాం. మగపిల్లల సంగతైతే ఇంకా కష్టం. పాతికేళ్లు వచ్చేసరికి "ఇంకా ఈ గంతులేనా" అని ఇంట్లోనే మొదలవుతుంది. పూర్తి జీతం ఇవ్వలేకపోయినా, రిహార్సల్‌కి వచ్చిన రోజుకు గౌరవంగా కొంత ఇవ్వగలిగితే ఇంట్లో వాళ్లకు ఒక జవాబు ఉంటుంది. కళాకారులకు డబ్బు మీద ఆశ ఉండకూడదని అనేవాళ్లను నేను ఒప్పుకోను. సాధన కూడా పనే, దానికీ కూలి ఉండాలి.

నేల గురించి కూడా చెప్పాలి. మేం ఆడేది అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, కల్యాణ మండపాల్లో, స్కూలు వరండాల్లో. అన్నిచోట్లా శ్లాబు మీద టైల్స్ లేదా గ్రానైట్. కూచిపూడిలో పాదం గట్టిగా తట్టాలి, అరమండిలో (మోకాళ్లు సగం వంచి) కూర్చుని ఎగరాలి. కింద కొంచెమైనా తేలికగా ఊగే చెక్క నేల లేకపోతే ఆ దెబ్బంతా మోకాళ్లకి, మడమలకి, నడుముకి తగులుతుంది. ముప్పయ్యేళ్లు రాకుండానే మోకాలికి బెల్టు వేసుకుని ఆడుతున్నవాళ్లు మాలో ఉన్నారు. సిమెంటు నేల మీద నేరుగా చెక్క పరిస్తే చాలదు, కింద దూలాలు, మెత్తటి ఆధారం ఉండాలి. ఇది ఒక్కసారి చేసే ఖర్చు. అలాంటి నేల ఉన్న ఒక హాలు నగరంలో ఒక్కటి ఏర్పడినా, వంతులవారీగా నగరంలోని బృందాలన్నీ వాడుకోవచ్చు. మీ టౌన్‌షిప్పుల్లో, ఆఫీసుల్లో సాయంత్రం ఆరు దాటాక తాళం వేసి ఉంచే ఆడిటోరియాలు ఉన్నాయి. వాటి తాళం చెవి ఇచ్చినా మాకు హాలు అద్దె మిగులుతుంది, ఆ డబ్బుతో ఒక వయొలిన్ విద్వాంసుడిని పిలుచుకుంటాం.

ఇంతకీ మీకు తిరిగి వచ్చేదేమిటి? మేం మాట ఇవ్వగలిగినవి ఇవి. ప్రతి మూడు నెలలకూ లెక్కలు ఇస్తాం. రిహార్సళ్లు మీ ఉద్యోగుల కుటుంబాలకు తెరిచి ఉంచుతాం. మీ పరిసర గ్రామాల ప్రభుత్వ బడుల్లో పిల్లలకు నేర్పుతాం, తూర్పు భాగవతం పెద్దాయనను కూడా తీసుకెళ్తాం. ఏం ప్రయత్నించాం, ఏది కుదరలేదు, ఎందుకు కుదరలేదు అన్నది రాసి, వీడియో తీసి దాచిపెడతాం, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ఏడాది చివర గొప్ప ప్రదర్శన వస్తుందని మాత్రం మాట ఇవ్వలేం. రావచ్చు, రాకపోవచ్చు. మీ కంపెనీల్లో పరిశోధన విభాగాలు ఉన్నాయి. అక్కడ చేసిన ప్రతి ప్రయోగమూ మందుగా మారి మార్కెట్లోకి రాదని మీకు మాకన్నా బాగా తెలుసు. అయినా ఏటా దానికి బడ్జెట్ పెడుతూనే ఉన్నారు. అదే ఓపిక మా మీద కూడా చూపించండి.

పాటలో సినిమా ట్యూన్ కలపండి, వెనక తెర మీద మా లోగో ఎప్పుడూ కనిపించాలి, ఇరవై నిమిషాల్ని ఏడు నిమిషాలకు కుదించండి, ఇలాంటి షరతులు దయచేసి పెట్టొద్దు. ఒక సంస్థ ఇలా అడిగితే ఆ డబ్బు మేం తీసుకోలేదు. అప్పుడు చేతిలో ఏమీ లేదు, అయినా తీసుకోలేదు. లోపల ఏముండాలో గురువుకు, నర్తకులకు వదిలేయండి. లెక్కల్లో తేడా వస్తే మాత్రం మమ్మల్ని నిలదీయండి, దానికి మీకు పూర్తి హక్కు ఉంది.

కొత్త ఆర్థిక సంవత్సరానికి మీ కమిటీ వార్షిక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకునేటప్పుడు కళల పద్దు కింద 'సాధన, రిహార్సల్' అని ఒక వరుస చేర్చండి. మొత్తం ఎంతైనా సరే, మూడేళ్లకు తగ్గకుండా ఇవ్వండి. మొదట తూర్పు భాగవతం మేళాలకు, తప్పెటలు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల బృందాలకు ఇవ్వండి, వాళ్ల అవసరం మాకన్నా పెద్దది. ఆ తర్వాత మాలాంటివాళ్ల దరఖాస్తులు చూడండి. నిర్ణయం తీసుకునే ముందు కమిటీలో ఇద్దరైనా ఏదో ఒక ఆదివారం ఉదయం మా రిహార్సల్‌కి రండి. తొమ్మిదింటికి మొదలెడతాం. మధ్యాహ్నం దాకా ఉంటే పెద్దాయన మద్దెల కూడా వినవచ్చు. మా ఆడిట్ రిపోర్టులు, రిజిస్ట్రేషన్ కాగితాలు అక్కడే బల్ల మీద పెట్టి ఉంచుతాం.

ఇట్లు,
ఒక చిన్న నృత్య బృందం కార్యదర్శి,
విశాఖపట్నం